ఒక్క ఊపిరికి ఒక వరుస

1977 మే తొమ్మిదో తేదీ సాయంత్రం ఐదున్నరకు, దుమ్ముగూడెం దగ్గరి తునికాకు కల్లంలో, మా నాన్న లెక్క మొదటిసారి మధ్యలో తెగింది. ఇప్పటికీ ఎండాకాలంలో ఆ దారిన బస్సులో వెళ్తుంటే, పచ్చి ఆకు వగరూ వేడి ఇసుకా తడి నారా కలిసిన వాసన కిటికీలోంచి తగలగానే ఆ తేదీ, ఆ గంట గుర్తొస్తాయి. అప్పటికి నాకు పదకొండేళ్లు.

నాన్న కల్లేదారు. కోయగూడేల ఆడవాళ్లు చీకటితోనే అడవికి పోయి, బీడీలు చుట్టే ఆ ఆకు కోసి, మధ్యాహ్నమంతా యాభై ఆకులకొక కట్ట నారతో కట్టి, సాయంత్రానికి కల్లంలో యాభై కట్టలకొక వరుస పేరిస్తే, నాన్న కర్ర చూపుతూ నడిచి పైకి లెక్కపెట్టి తీసుకునేవాడు. ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ వరుస చివరిదాకా ఒక్క ఊపిరితో చెప్పాలి. ఊపిరి తెగితే ఆ వరుస మళ్లీ మొదటినుంచి. చదువు రాని వాళ్లకు అదే భరోసా, చెవితో వినే రసీదు. నాన్న గొంతు వాగు అవతలికి వినిపించేది.

ఆ రోజు ముప్పై ఎనిమిది దగ్గర ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగాడు.

“ఏంది సారూ, గిట్ల ఆగితివి? అమ్మగారు బువ్వ పెట్టలేదా?” అంది జోగమ్మ. గూడెం ఆడవాళ్లలో అందరికంటే పెద్ద నోరు ఆమెదే.

“పెట్టింది గానీ, నా ఊపిరి నువ్వే మూట కట్టుకపోయినట్టున్నవ్, తియ్యి బయటికి” అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వేసవులు ఎంత బాగుండేవని! తునికి పండ్లు తిని మూతులు జిగురు చేసుకునేవాళ్లం, చాపల మీద ఆరబోసిన ఇప్పపూల తీపి వాసనకు ఈగలతో పోటీపడి మూగేవాళ్లం, పొద్దు వాలాక ఇసుకలో గీత గీసి చెడుగుడు ఆడేవాళ్లం, నాన్న పంచె ఎగగట్టి మా జట్టులోకి వస్తే ఆయన కూత ఆగేలోపు అవతలి జట్టు సగం ఖాళీ అయ్యేది. ఆ ఏడు ఒక్కసారే వచ్చాడు. గీత దాటకముందే కూత ఆగిపోయింది.

దీపావళి నాటికి పొద్దున లేస్తూనే తలనొప్పి, పగలు అన్నం ముందు కూర్చునే కునుకు. దగ్గు గొంతుదాకా వచ్చి అక్కడే చచ్చిపోయేది, కఫాన్ని బయటికి తోసే బలం దానికి లేదు. ఆకు దుమ్ము పట్టిందన్నారు అందరూ. నాయనమ్మ అడ్డసరం ఆకు కషాయం కాచి, తేనె వేసి తాగించేది. పడుకుంటే ఊపిరాడక నాన్న గోడకు ఆనుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు. అది చూస్తే నాయనమ్మకు వణుకు. మా ఇళ్లలో మనిషి పోతే గోడకు ఆనించి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పూలు వేస్తారు.

“లెవ్ బిడ్డా, గట్ల కూసోకు. గోడకు కూసోబెట్టేది సచ్చినోళ్లనేరా” అని బతిమాలేది.

సంక్రాంతి వెళ్లాక భద్రాచలం దవాఖానాలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఇంట్లో ఆ రోజు పాయసం వండారు. నాన్న రెండు గరిటెలు తిని, అలసిపోయి, గిన్నె పక్కన పెట్టాడు.

మరుసటి వేసవికి ఆయన ఊపిరి ఇరవై రెండు కట్టల దగ్గర తెగుతోంది. ఒక సాయంత్రం జోగమ్మ ఎవరితో ఏమీ అనకుండా తన కట్టలను ఇరవైకొక వరుసగా పేర్చింది. మిగతా ఆడవాళ్లూ అలాగే పేర్చారు. నాన్న మొదటి వరుస మీదికి కర్ర చాపి లెక్క మొదలుపెట్టాడు. ఆ రోజు ఎవరూ ఎగతాళి చేయలేదు.

వానలు పడ్డాక పట్నం నుంచి వచ్చిన ఒక డాక్టరు చూశాడు. నేను అమ్మ పక్కనే ఉన్నాను. కూర్చోబెట్టి ఒక్క ఊపిరితో అంకెలు చెప్పమంటే నాన్న అలవాటుగా ‘లాభం’ అని మొదలుపెట్టాడు. పదిహేడు దాకా వెళ్లాడు. వెల్లకిలా పడుకోబెట్టి చెప్పమంటే ఏడు. అప్పుడు డాక్టరు నాన్న చొక్కా ఎత్తి చూపించాడు. గాలి పీల్చినప్పుడు అందరికీ పొట్ట పైకి లేస్తుంది, నాన్నకు లోపలికి పోతోంది.

“కొలిమి చూశావు కదమ్మా. ఈయన తిత్తికి చిల్లు లేదు, దాన్ని లాగే చెయ్యి అలిసిపోయింది” అన్నాడు. పక్కటెముకల కింద గాలిని లాగే కండరం ఉంటుందనీ, ఒంట్లో కండరాలన్నిటితో పాటు అదీ సన్నగిల్లుతోందనీ, పడుకుంటే పేగుల బరువంతా దాని మీద పడుతుందనీ చెప్పాడు. మందు లేదన్నాడు. “కూర్చోబెట్టే ఉంచండి. వెల్లకిలా మాత్రం పడుకోబెట్టకండి.”

అమ్మ ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ ఒప్పుకోలేదు. “తిత్తులు మంచిగున్నయని ఫొటోల వచ్చె గదా. మంచిగున్నోన్ని శవం తీరు కూసోబెడతరా?”

నాన్నను పడుకోబెట్టకుండా అమ్మ ఒక ఏడాది ఆపగలిగింది. 1979 ఆగస్టులో వాన ముసురుకు నాన్నకు జలుబు చేసింది. మూడు రోజులు కన్ను మూయలేదు. ఇరవై ఒకటో తేదీన అమ్మ మందుల కోసం మొదటి బస్సుకు భద్రాచలం పోయింది, నేను బడికి పోయాను. నాయనమ్మ, బాబాయి కలిసి నాన్నను పరుపు మీద చక్కగా పడుకోబెట్టి, కాళ్లు చాపి, బొంత కప్పారు. వద్దనడానికి కూడా ఊపిరి కావాలి.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి నాయనమ్మ పక్కన కూర్చుని విసురుతోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

“సప్పుడు చెయ్యకే. మీ నాయిన ఇయాల మంచిగ పండుకున్నడు.”

నేను బొంత వైపు చూశాను. అది పైకి లేవడం లేదు, లోపలికీ పోవడం లేదు.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి నాన్నను గోడకు ఆనించి, అటూ ఇటూ దిండ్లు పెట్టి, నిటారుగా కూర్చోబెట్టారు. డాక్టరు ఎలా ఉంచమన్నాడో సరిగ్గా అలాగే. జోగమ్మ గడపలో నిలబడి చూసి, “ఇప్పుడు కూసోబెట్టిండ్రా?” అంది.

ఆ కల్లం ఉన్నచోట ఇప్పుడు జామాయిల్ తోట ఉంది. వేరే చోట్ల ఆకు కొంటున్నారు, కానీ ఎవరూ పైకి లెక్కపెట్టరు, చూపుతోనే ఎంచి రాసుకుంటారు. పోయినవి ఇవి: మా నాన్న, నలభై రెండేళ్లకు. ఎనిమిదో తరగతిలో ఆగిన నా చదువు. ఒక్క ఊపిరికి ఒక వరుస అనే లెక్క. నాయనమ్మ, నాన్న తర్వాత ఏడు నెలలకు. ఆ ఏడు నెలలూ ఆమె నడుము వాల్చలేదు, గోడకు ఆనుకునే నిద్రపోయింది.