అత్తగారి ఊళ్ళో బెంజి హెడ్‌లైట్లు

మా బావమరిది పెళ్ళి ఇంకా నెల రోజులుంది. పెళ్ళికొడుకు ఊరేగింపుకు ఎవరి కారు అన్నది మాత్రం తేలలేదు. నా దగ్గర పాత బెంజి ఉంది, మా నాన్న కాలం నాటిది. రాజమండ్రిలో ఒక షెడ్డులో తుప్పు పడుతుంటే కొని, హార్డ్‌వేర్ షాపు మీద వచ్చిందంతా దానికే పోసి నడిచేలా చేశాను. ఏడాది తిరక్కుండా కాకినాడలో ఉండే మా తోడల్లుడు ప్రసాద్ అచ్చం అలాంటిదే కొన్నాడు. అతనికి రొయ్యల చెరువులున్నాయి, కొంటాడు. చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. అయితే రెండు కార్లకూ ఒకటే లోటు, అసలు హెడ్‌లైట్లు లేవు. ముందు ఎవరికి దొరికితే వాళ్ళ కారే పెళ్ళికి వెళుతుంది.

ముక్తేశ్వరం దగ్గర మా అత్తగారి ఊళ్ళో రైసుమిల్లు సుబ్బరాజుగారు తమ పాత బెంజిని తుక్కుకు అమ్మి, హెడ్‌లైట్లు మాత్రం దాచారని తెలిసింది. ఫోన్ చేస్తే రమ్మన్నారు. ఆదివారం పొద్దున్నే ఐదున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో రామచంద్రపురం బస్సు ఎక్కాను. అక్కడ బస్సు మారి, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు చేరేసరికి ఎనిమిది దాటింది. రెండు బస్సులకూ కలిపి ముప్పై రూపాయలైంది. రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే ముక్తేశ్వరమే. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, అరటి గెలల మధ్య నిలబడాలి గానీ గాలి హాయిగా ఉంటుంది. అవతలి ఒడ్డున ఆటో మాట్లాడుకున్నాను, ఇరవై రూపాయలు.

"బెంజి లైట్ల కోసమాండీ?" అన్నాడు ఆటో అతను, నన్ను గుర్తుపట్టి. "నిన్న సాయంత్రం మీ తోడల్లుడుగారిని కూడా నేనే దింపానండి."

ఆ తర్వాత దారిలో ఒక్క కొబ్బరిచెట్టూ నా కళ్ళకు ఆనలేదు.

మిల్లులో సుబ్బరాజుగారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి పెసరట్లు తెప్పించారు. "చిన్నల్లుడుగారు నిన్న నాలుగు తిన్నారండి" అన్నారు. నేను ఐదు తిన్నాను. అప్పుడు ఊక పోసిన రేకు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక హెడ్‌లైటు తీశారు. అద్దం మీద చిన్న గీత కూడా లేదు.

"రెండోదండీ?"

"నిన్న ప్రసాదుగారికి ఇచ్చానండి."

"జత విడదీస్తే ఎవరికి పనికొస్తుందండీ?"

"ఆయనా అదే అన్నారండి. కానీ మీరిద్దరూ మా ఊరి అల్లుళ్ళే కదండీ. ఒకరికి రెండూ ఇచ్చి ఒకరికి లేదంటే, రేపు మీ మామగారికి నా మొహం ఎలా చూపించమంటారు?"

రెట్టింపు ధర ఇస్తానన్నా కదల్లేదు. ప్రసాద్ దగ్గర తీసుకున్నంతే, పదిహేను వందలు తీసుకున్నారు. తువ్వాలులో లైటు చుట్టుకుని తిరిగి రేవుకు వస్తుంటే నాకు ఒక్కటే ఆలోచన. దీన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు, ప్రసాద్ కారు జన్మలో పూర్తి కాదు. నాదీ కాదనుకోండి. పోతే పోయింది!

పంటు మీద ఎదురుగా ప్రసాదే ఉన్నాడు, ఒళ్ళో కాగితంలో చుట్టిన లైటుతో.

"అన్నయ్యగారూ, ఇదీ మీరే ఉంచండి" అని దాన్ని నా చేతిలో పెట్టేశాడు. "పెద్దల్లుడు మీరుండగా నా కారెందుకండీ? రాత్రే అత్తయ్యగారితో చెప్పేశాను."

"డబ్బు తీసుకో తమ్ముడూ."

"మన మధ్య డబ్బులేంటండీ!"

గోదావరి మధ్యలో ఉన్నాను. దిగి వెళ్ళిపోవడానికి కూడా లేదు.

పెళ్ళిలో పెళ్ళికొడుకు నా బెంజిలోనే ఊరేగాడు. కోరుకున్నది దక్కినా మనిషి లోపల ఇంతగా ఉడుకుతాడని నాకు ఆ రోజే తెలిసింది. ప్రసాద్ నాతో పోట్లాడి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. కారు నాది, పెట్రోలు నాది, తోలింది నేను. వచ్చిన చుట్టాలందరికీ మా అత్తగారు మురిసిపోతూ చూపించింది మాత్రం ప్రసాద్ ఇచ్చిన కుడివైపు లైటు.

పాత కార్ల సామాను కోసం అటు వెళ్ళేవారికి ఒక్క సలహా. కోనసీమలో వెతికితే ఇంకా దొరుకుతుంది, ఆదివారం పొద్దున్నే బయలుదేరండి. జతగా ఉండేవి మాత్రం అత్తగారి ఊళ్ళో కొనకండి.