ఎండబెట్టిన గిటారు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. తెనాలిలో ఒక ఆడపిల్ల గిటారు సంచీ వీపుకు తగిలించుకుని ఇంటి నుంచి స్టేషన్ దాకా నడిస్తే చాలు, దారి పొడుగునా ఎవరో ఒకరు ఆపి "ఏంటమ్మా అది, వీణా?" అని అడిగేవారు. కాదండి, గిటారండి అంటే, "అదేలే, ఆ జాతిదేగా" అని నాకే సర్దిచెప్పి పంపేవారు. అలాంటి పిల్లకు కోపం రాక ఏమొస్తుంది? ఇలాంటి సంగతులు రాసేటప్పుడు 'ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది' అని రాయడం మర్యాద. నాకు నవ్వూ వస్తుంది, కానీ ముందు ఒళ్ళు మండుతుంది. చదివే మీరైనా నా పక్షాన ఉంటారని చెబుతున్నాను.

మా బ్యాండులో ముగ్గురం. గిటారు నేను. చెక్కపెట్టె మీద కూర్చుని ఆ పెట్టె మీదే దరువు వేసేవాడు మా పిన్ని కొడుకు. ఆరడుగుల పైన ఉంటాడు కనుక ఇంటిల్లిపాదీ వాణ్ణి బుడ్డోడు అంటాం. పాడేవాడు బాపట్ల కుర్రాడు, కాలేజీలో నా క్లాసు. మైకు కనిపిస్తే చాలు, కరెంటు ఉన్నా లేకపోయినా దాంట్లో "హలో, హలో" అంటాడు (ఒకసారి పెళ్ళిలో పంతులుగారి ముందు నుంచి లాక్కుని మరీ అన్నాడు). అందుకని వాడి పేరు హలో. మేం ముగ్గురం కలిసి ఒకే ఒక పాట కట్టాం. మాటలు, రాగం హలోవి. మొదట్లో మాత్రం కాసేపు గొంతు లేదు, దరువు లేదు, ఒట్టి గిటారే. ఆ కాసేపు వచ్చేది పూర్తిగా నేను కట్టిన వరుస. అప్పటికి ఈ లోకంలో నాకంటూ నేను చేసిన వస్తువు అదొక్కటే. దాన్ని ఎవరైనా 'మొదటి మ్యూజిక్కు' అంటే కూడా నాకు కష్టంగా ఉండేది.

ప్రతి ఆదివారం బాపట్లలో హలో వాళ్ళ మేడ మీద సాధన. వాళ్ళ ఇల్లు సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో ఉంది. అక్కడ అప్పడం వేయించి పళ్ళెంలో పెట్టుకుని మంచినీళ్ళు తెచ్చుకునేలోపు మెత్తబడిపోతుంది. ఇక గిటారు మెడ చెక్కే కదండీ, అదేం పుణ్యం చేసిందని వదిలేస్తుంది ఆ గాలి? వానలు మొదలయ్యేసరికి చెక్క తేమ తాగి ఉబ్బింది. ఒక కన్ను మూసి చూస్తే మెడ వంకర స్పష్టంగా కనిపించేది. తీగలు మెడకు ఎడంగా పైకి లేచిపోయాయి. ఒక్కో స్వరం పలకాలంటే ప్రాణాలన్నీ వేళ్ళలోకి తెచ్చుకుని నొక్కాలి. వేళ్ళ కొసలు చిట్లి నెత్తురు వచ్చేది. "మెడ వంగిందిరా" అంటే హలో నా గిటారు చూడలేదు, నా చేతులు చూశాడు. "నీ వేళ్ళు మెత్తనివి. ఆడపిల్లవి కదా. రోజూ కాసేపు గోడకేసి నొక్కుతుండు, గట్టిపడతాయి" అన్నాడు. గోడకేసి నొక్కాలట! నాకు వాడి పీక నొక్కాలనిపించింది.

పోనీ ఫోన్లో వీడియోలు చూసి బాగుచేసుకుందామంటే, అవి చేసే దొరలందరూ మంచు దేశాల వాళ్ళు. "చలికాలం గాలి పొడిగా ఉంటుంది, గిటారుకు తేమ పెట్టండి, తేమ పెట్టండి" అని ఒకటే పోరు. తేమ పెట్టాలా? మా బట్టల బీరువాలో పట్టిన బూజు వచ్చి చూడు నాయనా, అప్పుడు చెబుదువుగాని! మంచి గిటార్ల మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, మర తిప్పితే వంకర సర్దుకుంటుంది అని కూడా చెప్పారు. నా గిటారు మెడలో చెక్క తప్ప ఏమీ లేదు.

సరిగ్గా ఇలాంటి సమయంలో మాకు స్టూడియో దొరికింది. రేపల్లెలో ఒక మేడ మీది గది అది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి, తలుపుకు పాత పరుపు కొట్టి ఉండేది. అక్కడ భజన పాటలు, ఎన్నికల పాటలు, ఆటోల్లో తిప్పే ప్రచారాలు రికార్డు చేసేవారు. హలో ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ స్టూడియో ఆయన "దేవుడి పాటా, పార్టీ పాటా?" అని అడిగేవాడు. రెండూ కాదంటే "మరింకెందుకు?" అని పెట్టేసేవాడు. చివరికి తలుపు తెరిపించింది మా పెదనాన్న. మా పెదనాన్న తెనాలిలో ధాన్యం బ్రోకరు. ఆ స్టూడియో ఆయన అత్తగారివాళ్ళకు రేపల్లెలో రైసు మిల్లుంది. ఒక్క ఫోనుతో పని అయిపోయింది. "మా అమ్మాయి పాట పెట్టుద్దంట తమ్ముడూ, కాస్త చూడు" అన్నారు, అంతే. ఆదివారం రోజంతా స్టూడియో మాది. పాట బాగా వస్తే ఇక నెలకో ఆదివారం మాదే. ఇన్నాళ్ళూ మేం తల బాదుకున్నది ఒక్క ఫోనుతో అయిపోతే సంతోషించాలి. నాకు సంతోషంతో పాటు కడుపు మంట కూడా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం పెదనాన్న వచ్చి, "ఏదమ్మడూ, సరుకు ఒకసారి చూడనీ" అన్నారు. సరుకంటే గిటారు. నేను మెడ వంకర చూపించి, తేమ వల్ల ఇలా అయిందని చెప్పాను. ఇన్నాళ్ళకు నా మాట నమ్మిన మనిషి దొరికాడని ఆనందపడ్డాను కూడా. తేమ అనే మాట వినగానే ఆయన కళ్ళు వెలిగాయి. ధాన్యం వాళ్ళ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. రాశిలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద కొరుకుతారు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా దిగితే పచ్చి అన్నట్టు. మిషన్లు వచ్చినా మా పెదనాన్నకు పళ్ళ మీదే నమ్మకం. గిటారును అటూ ఇటూ తిప్పి, తల భాగం నోట్లో పెట్టుకుని, నేను "పెదనాన్నా!" అని అరిచేలోపే కొరికేశారు. కాసేపు ఆలోచించి, "పచ్చిగా ఉంది. ఇది ఇలా రేపల్లె తోలితే తిప్పి పంపిస్తాడు" అని తేల్చారు.

శనివారం నాకు కాలేజీలో పరీక్ష. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గిటారు లేదు. పెదనాన్న వాళ్ళ మేడ మీదికి పరుగెత్తాను. కోతల రోజులు. మేడ నిండా బరకాలు పరిచి ధాన్యం ఆరబోసి ఉంది. ఆ ధాన్యం మధ్యలో నా గిటారు పడుకుని ఉంది. పెదనాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, కాలితో ధాన్యం తిరగేస్తూ వచ్చి, గిటారు దగ్గర ఆగి వంగి, దాన్ని కూడా జాగ్రత్తగా బోర్లా తిప్పారు. "పొద్దున్నించీ గంటకోసారి తిప్పుతున్నా. ఒక పక్కే కాగితే బీట తీసుద్ది కదా" అన్నారు నడుం పట్టుకుంటూ. చేతిలోకి తీసుకుంటే పెనంలా కాలుతోంది. పైకి లేచిన తీగలు ఇప్పుడు మెడను అంటుకుపోతున్నాయి. చెక్క కుంచించుకుపోయి, మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల కొసలు రెండు పక్కలా బయటికొచ్చి చెయ్యి గీరేస్తున్నాయి. "పెదనాన్నా, ఏం చేశారండీ ఇది!" అని ఏడుపు గొంతుతో అరిస్తే, "కంగారు పడకమ్మా, ఇప్పుడు తేమ ఉందని ఎవడు తరుగు తీస్తాడో చూద్దాం" అని నా భుజం తట్టారు. స్టూడియో ఇప్పించిన మనిషి. ఆయన్ను ఏమని తిట్టను? మంచి చేసేవాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం రేపల్లె రైలెక్కాం. పెదనాన్న కూడా వచ్చారు. లోడు వెంట మిల్లు దాకా వెళ్ళి, కాటా అయ్యేదాకా కదలకపోవడం ఆయన వృత్తి ధర్మం. స్టూడియోలో ఏసీ గడ్డకట్టేలా నడుస్తోంది. ఎండకు ఎండినది చాలదన్నట్టు ఆ గాలికి నా గిటారు ఇంకాస్త ఎండింది. నేను వరుస మొదలుపెట్టగానే మొదటి స్వరం నుంచే గరగర, గరగర. స్టూడియో ఆయన (ఆయన్ను మేం బాబాయి గారూ అనేవాళ్ళం) చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "ఏం చేశారమ్మా దీన్ని?" అన్నాడు.

"ఎండబెట్టాం" అన్నారు పెదనాన్న గర్వంగా.

"గిటారునా?"

"మరి పచ్చిది తెమ్మంటావా?"

"అన్నయ్యా, ఇది మరీ ఎక్కువ ఎండిపోయిందండి."

పెదనాన్న కుర్చీలోంచి లేచారు. "నా వయసంతా ధాన్యం తోలుతున్నా. తేమ ఉందని తరుగు తీసినోళ్ళను చూశా గానీ, ఎండింది ఎక్కువైందని పేరు పెట్టినోణ్ణి ఇవాళే చూస్తున్నా!" అన్నారు. ఇద్దరూ కాసేపు గట్టిగా వాదించుకున్నారు. చివరికి బాబాయి గారు నా వైపు తిరిగి, "ఎందుకమ్మా ఈ గొడవంతా? కీబోర్డులో గిటారుంది. నీ వరుస అందులో నేనే వాయించేస్తా" అని నాలుగు మీటలు నొక్కాడు. తేనెలా వచ్చింది చప్పుడు. గరగర లేదు, వంకర లేదు.

"బానే ఉందిగా" అన్నాడు హలో.

"బానే ఉంది. మరి నేనెందుకొచ్చాను?" అన్నాను. బుడ్డోడు పెట్టె మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదనాన్న మాత్రం, "మా అమ్మాయి సరుకే వెళ్ళాలి తమ్ముడూ. కల్తీ నేనొప్పుకోను" అన్నారు. ఆ మాటకు ముందురోజు కోపం సగం దిగింది.

మొండిగా మెడంతా తడిమి చూశాను. మెడ కింది మెట్ల దగ్గరే గరగర ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ శుభ్రంగా పలుకుతోంది. అయితే పాట మొత్తం పై శ్రుతిలోకి జరిపితే సరి. ఈ మాట చెప్పగానే హలో ఎగిరిపడ్డాడు. "అంత పైన నేను పాడలేను! గిటారు పాడైతే నా గొంతు మీద పడతారేంటి?" అన్నాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ఘడియ వచ్చింది నాకు. "నీ గొంతు మెత్తనిది. రోజూ కాసేపు గోడకేసి అరుస్తుండు, గట్టిపడుతుంది" అన్నాను. బుడ్డోడు పెట్టె మీంచి పడి నవ్వాడు. హలో మూతి ముడుచుకునే పాడాడు. పై స్వరాల్లో వాడి గొంతు రెండుసార్లు చీలింది. నా గిటారు కూడా అక్కడక్కడా గరగరమంటూనే ఉంది. అయినా పాట పూర్తయింది. తిరుగు రైల్లో పెదనాన్న అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు.

తర్వాతి వారం పాట ఫోన్లోకి వచ్చింది. విన్నవాళ్ళందరూ నా వీపు తట్టారు. "మొదట్లో ఆ గిటారు ఎంత హాయిగా ఉందే!" అంది పిన్ని. హలో కూడా "నీ చెయ్యి గట్టిపడింది" అన్నాడు. నేనూ కాసేపు మురిసిపోయాను. మళ్ళీ విన్నాను. గరగర ఏది? అంత హాయిగా నేను వాయించలేదే? అప్పుడు తెలిసింది, బాబాయి గారు మేం వచ్చేశాక నా గిటారు తీసేసి కీబోర్డు పెట్టేశాడు. ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది, ఆ మెచ్చుకోలులో నా చేత్తో వాయించింది ఒక్క స్వరం కూడా లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. హలోకు చెబితే, "పోనీలే, బాగుంది కదా, నెలకో ఆదివారం ఇస్తానన్నాడు, చెడగొట్టకు" అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు. ఒక్కదాన్నే రేపల్లె రైలెక్కాను.

బాబాయి గారు బుకాయించలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించి, మొదట నాది వినిపించాడు, తర్వాత ఆయనది. "ఏది బాగుందో నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

"మీదే బాగుందండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మరింకేంటి?"

"నాది పెట్టండి."

"జనం గరగర ఉందంటారమ్మా."

"అననివ్వండి బాబాయి గారూ. నన్ను అననివ్వండి. మీది విని నన్ను పొగుడుతుంటే భరించలేకపోతున్నాను."

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. "మీ పెదనాన్న నయం" అని గొణుక్కుంటూ నాది పెట్టాడు. మాట ప్రకారం నెలకో ఆదివారం కూడా ఇచ్చాడు, పెదనాన్నను మాత్రం వెంట తేవద్దన్నాడు. ఉద్యోగాలొచ్చి తలో ఊరూ పోయేదాకా అక్కడ ఇంకొన్ని పాటలు చేశాం. అన్నీ మొదటిదాని కన్నా బాగా వచ్చాయి.

మొన్నామధ్య ఆఫీసులో నేను నెలంతా కూర్చుని రాసిన రిపోర్టును మా పై ఆఫీసరు తీసేసి, తనది పెట్టి, కింద నా పేరు ఉంచాడు. అందరూ నన్ను అభినందించారు. ఆయనది నాదాని కన్నా బాగుంది కూడా. "థాంక్సండి" అని ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం ఎందుకో మొదటి పాట పెట్టుకుని విన్నాను. గరగరమంటూ మొదలైంది, ఎంత ఘోరంగా ఉందో చెప్పలేను. ఇప్పటి నేనైతే కీబోర్డుదే ఉంచమని టీ తాగి వచ్చేసేదాన్ని. ఆ పిల్ల ఉంచనివ్వలేదు. ఎప్పుడైనా ఆ పిల్ల అలాగే ఒక్కతే రైలెక్కి నా దగ్గరికి కూడా వస్తుందేమో, వచ్చి 'నీది కానిదానికి థాంక్సు ఎలా చెప్పావు?' అని మొహం మీదే అడుగుతుందేమో అని భయంగా ఉంటుంది. కూర్చోబెట్టి ఎంత నచ్చజెప్పినా వినదని తెలుసు. వినకూడదనే నాకూ ఉంది.