దేవదానం గారి పాత డ్రైవు

టక్... టక్... గుర్ర్‌మని రొద, మళ్ళీ టక్. పొద్దున్నుంచీ ఈ డీవీడీ డ్రైవుది ఇదే వరస. అరవై రెండు శాతం దగ్గర కాపీ ఆగిపోయింది, డిస్కు చదవలేకపోతున్నానని కంప్యూటరు మొర పెడుతోంది. ‘మళ్ళీ ప్రయత్నించు’ అన్న బటను మీదికి నా వేలు తనంతట తానే పోతోంది. నాకు చిన్నప్పటి నుంచీ కాలూ చెయ్యీ ఒకచోట నిలవవు. డిస్కులో ఉన్నది నా ప్రధానం వీడియో, అంటే మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికి ముందు జరిగే నిశ్చితార్థం. నన్ను నేను చూసుకోవాలని కాదు ఈ యాతన. ఆ వీడియో తీసిన దేవదానం గారు మొన్నటి వానల్లో పోయారు. ఊరందరినీ కెమెరాలో పెట్టిన మనిషి, తాను మాత్రం ఏ వీడియోలోనూ లేరు. ఆ రోజు కెమెరా వెనక నుంచి నన్నేదో అన్నారు. ఏమన్నారో గుర్తు లేదు. ఆయన గొంతు నాకు మిగిలి ఉంటే ఇందులోనే ఉండాలి.

ఇంటరు అయ్యాక విడవలూరు బస్టాండు దగ్గర ఆయన స్టూడియోలో పనికి చేరాను. పెళ్ళిళ్ళు తీయడం ఆయన పని, డిస్కులు చూసుకోవడం నా పని. మొదటి వారంలోనే ఒక డిస్కు మొరాయించింది. బయటికి లాగడం, చున్నీతో గుండ్రంగా రుద్దడం, మళ్ళీ లోపలికి తోయడం. నేను చేసిందల్లా అదే.

“అట్టా గుండ్రంగా తుడవబాకమ్మా,” అన్నారు. “గీత పడితే ఆ వరసంతా పోద్ది. మధ్యలో నించి అంచుకి తిన్నగా తుడువు. ఆనక కాసేపు దాన్ని చదువుకోనియ్యి. ఊరికే కదిలిస్తా ఉంటే అది మాత్రం ఏం జేస్తది?”

చదువుకోనివ్వడానికి అదేమన్నా బడిపిల్లా అని లోపల విసుక్కున్నాను.

మైపాడు నుంచి రమణమ్మ వచ్చిన రోజున నా విసుగు దిగిపోయింది. ఆమె భర్త వేటకని సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదు. ఆమె తెచ్చింది వాళ్ళ పెళ్ళి డిస్కు. ఆమె బావ వరి రైతు. ఆయన ఏదో పాత సినిమా అనుకుని, పిట్టలు బెదరడానికి దాన్ని దారం కట్టి చేలో వేలాడదీశాడట. నెల రోజులు ఎండలో తళతళలాడింది. దేవదానం గారు కెమెరా తీసుకుని బయటికి పోతూ, “కాపీ మధ్యలో ఆగితే ఆపెయ్యి, నేనొచ్చి చూస్తా,” అన్నారు. నేను ఆపలేదు. ఎదురుగా బెంచీ మీద ఆమె కూర్చుని ఉంటే ఎలా ఆపను? ఆగిన చోటే పదే పదే చదివించాను. డ్రైవు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. చివరికి లోపల డిస్కు ఉందన్న సంగతే కంప్యూటరుకు తెలియకుండా పోయింది.

ఆయన వచ్చి తిట్టలేదు. తిడితే బాగుండేది. డిస్కును చల్లారనిచ్చి, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, బీరువాలోంచి పాత డ్రైవు ఒకటి తీశారు. అసలే నత్తనడక, దాని వేగం ఇంకా తగ్గించారు. “వచ్చింది ముందు తీసుకో. రాని చోటు దాటేసి పో. పోట్లాట చివర్లో పెట్టుకోవచ్చు,” అన్నారు. గంట వీడియోలో ఇరవై నిమిషాలే చేతికొచ్చాయి.

“ఎండకే పోయిందని చెబుదాం సార్,” అని బతిమాలాను.

“ఎండకి కొంత పోయింది, మన చేత కొంత పోయింది. రెండూ చెప్పాల. నువ్వే చెప్పు, నేను పక్కనుంటా.”

ఏడుస్తూనే చెప్పాను. రమణమ్మ కళ్ళు తెర మీద ఉన్నాయి. పెళ్ళి భోజనంలో ఆమె భర్త “ఇంకొంచెం రసం పొయ్యండి” అంటున్నాడు. “ఈయనకి అన్నం తక్కువ, రసం ఎక్కువ,” అని నవ్వి, కళ్ళు తుడుచుకుంది. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “ఉన్నదున్నట్టు చెప్పినావు. లేకుంటే తక్కింది యాడన్నా దొరుకుద్దేమోనని తిరగతానే ఉందును,” అంది.

ఇప్పుడు నేను బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. నా వల్ల తప్పు జరిగితే ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే. ఓపిక మాత్రం ఇంకా రాలేదు.

బటను మీంచి వేలు తీసేశాను. స్టూడియో మూసేసిన రోజున ఆయన నాకిచ్చిన పాత డ్రైవు అటక మీద ఉంది. దించి, దుమ్ము దులిపి, వైర్లు తగిలించాను. డిస్కును మధ్యలోంచి అంచుకు తుడిచాను. మధ్యాహ్నమంతా వంటింటికీ బల్లకూ తిరుగుతూనే ఉన్నాను గానీ దాన్ని ముట్టుకోలేదు. పాస్టరు గారి ప్రార్థన మొత్తం పోయింది. ఉంగరాలు మార్చుకోవడం ముక్కలు ముక్కలుగా వచ్చింది. భోజనాలకు ముందు కొన్ని క్షణాలు మాత్రం చెక్కుచెదరలేదు. పట్టుచీరలో నేను, లైటు వైరు ఎవరి కాలికి తగులుతుందోనని వంగి సర్దుతున్నాను.

“అమ్మాయ్, ఆ వైరు వదిలిపెట్టు. ఈ పొద్దు నీకేం పన్లేదు. పోయి కూర్చో, నేనుండా గదా.”

తెర మీద నేను తలెత్తి నవ్వాను. కూర్చున్నానో లేదో తెలిసేలోపు బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించమంటారా అని కంప్యూటరు అడిగింది. వద్దని నొక్కి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.