గంజితో అంటించిన చీటీ

పొద్దున చీరలకు గంజి పెడుతుంటే ఆ వాసనకు మన నాయన చరిత్ర పుస్తకం కళ్ల ముందుకొచ్చింది. తమ్ముళ్లూ, చెల్లీ, మీకూ గుర్తుందా? నాయన కర్నూలు హైస్కూల్లో చరిత్ర అయ్యవారు. కరువులో తెల్లదొరలు అందరికీ గంజి పోశారని ఆ పుస్తకంలో ఉంది. నాయన చదివి వినిపిస్తే అవ్వ నవ్వింది.

"యాడ పోసినారప్పా? మేము బలుసాకు తిని బతికితిమి."

నాయన ఆ మాటను చీటీ మీద రాసి, ఆ పేజీలో గంజితో అంటించాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కంట అది పడింది.

"అయ్యవారూ, దీన్ని చింపండి. లేకుంటే మీ ఉద్యోగం ఉండదు."

నాయన చింపేశాడు. నాయన ఉద్యోగం పోకూడదని దేవుడికి మొక్కుకున్న నా మొక్కు ఫలించిందనుకున్నాను.

మరునాడు ఆ పాఠం దగ్గర నాయన పుస్తకం మూసి, అవ్వను బడికి పిలుచుకుపోయి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వే చెప్పుమా, పిల్లోళ్లు వింటాండారు."