ఛార్జి ఎవరికిచ్చి వెళ్లాడు?

మా తెలుగు చర్చి ఎదుట ఉన్న నాలుగు లేన్ల రోడ్డు దాటడానికి సిగ్నల్ మనిషికి పన్నెండు సెకన్లు ఇచ్చేది. నేను తొమ్మిదిలో దాటేవాణ్ణి. ఒకసారి బిర్యానీ గిన్నెతో సహా ఐదులో దాటాను. నమ్మకపోతే మానెయ్యండి, గిన్నె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

అక్కకి మాత్రం ఇరవై కావాలి. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, చర్చిలో అందరికీ అక్కే. గుంటూరు వైపు సర్కారు ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి వచ్చింది. రెండు మోకాళ్లూ మార్పించుకుంది. కారులో దింపుతామంటే వినదు. రోడ్డు మధ్యలో ఉండగానే సిగ్నల్‌లో ఆగమనే ఎర్ర చెయ్యి బొమ్మ వెలిగేది. ఒక ఆదివారం ఏదో ట్రక్కు అద్దం ఆమె కొంగుని రాసుకుంటూ పోయింది.

సెకన్లు పెంచమని అక్క తెల్లకాగితం మీద అర్జీ రాసి సిటీ హాల్లో ఇచ్చి వచ్చింది. కౌన్సిల్ నియమించిన సిటీ మేనేజరు, అక్క లెక్కలో కలెక్టరు, స్వయంగా రోడ్డు దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేనూ ఉన్నాను. సాయంత్రం పొగమంచు కొండ దిగి మెల్లగా ఊళ్లోకి నడిచి వస్తోంది. ఆ పొడుగాటి మనిషి అక్క అడుగులో అడుగు వేస్తూ రోడ్డు దాటాడు. ఇద్దరూ మంచులో కరిగి, మళ్లీ అవతల తేలారు. అక్క నాడి చూసేటప్పటిలాగే మణికట్టు గడియారం వైపు చూస్తూ నడిచింది.

"ట్వంటీ," అన్నాడాయన.

"ట్వంటీ," అంది అక్క.

నెలలో చేయిస్తానని మాటిచ్చి వెళ్లాడు. నెల తిరక్కుండానే కౌన్సిల్ ఆయన్ని లీవ్ మీద పంపింది. తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు, ఎందుకో బయటికి చెప్పలేదు. పెద్దలు నోరు విప్పకపోతే నాలాంటి వాళ్లకి చేతినిండా పని.

"లీవేంటి తమ్ముడూ, జొరం గానీ వచ్చిందా?" అంది అక్క.

"అలాస్కా వెళ్లాడక్కా. ఎండాకాలం అక్కడ పొద్దు గూకదు కదా, సెకన్లు బోలెడు మిగిలిపోతాయంట. నీకోసం ఓ ఎనిమిది ఏరుకొస్తాడు."

"నీ కోతలు తగలెయ్య!"

నవ్వింది గానీ ఒక్కటి మాత్రం గట్టిగా నమ్మింది. లీవ్ అంటే సెలవు, సెలవు మీద వెళ్లినవాడు తిరిగొస్తాడు. ఇక్కడ ఆ మాటకి గుమ్మం చూపించడమనే అర్థం కూడా ఉందని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రతి ఆదివారం ఆమె కబురు అడిగేది, నా కథలో ఆయనకి అలాస్కాలో ఇంకా చాలా పనుండేది. టై కట్టుకున్న సిటీ మేనేజరు బకెట్ పట్టుకుని, మంచుగడ్డల మీద మిలమిల్లాడే సెకన్లని ఒక్కొక్కటే ఏరుతూ నా కళ్లకే కనబడేవాడు.

మూడో ఆదివారం అక్క రాలేదు. సగం రోడ్డులో ఎర్ర చెయ్యి వెలిగితే మధ్య గట్టు మీద ఆగిపోయిందట. నడవమనే తెల్ల బొమ్మ మళ్లీ వెలిగాక ఇంటికే తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి నిజం చెప్పాను.

"ఆయన రాడక్కా. తీసేశారు."

నన్ను తిట్టలేదు. "మరి ఛార్జి ఎవరికిచ్చి వెళ్లాడు?" అంది.

వార్డులో డ్యూటీ దిగే నర్సు ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరికి ఎన్నింటికి సూదో తర్వాతి నర్సుకి అప్పజెప్పాకే గుమ్మం దాటాలట. దాన్నే ఛార్జి ఇవ్వడం అంటారు. "ఉద్యోగం ఊడినా సరే, ఛార్జి ఇచ్చే పోవాలి," అంది.

మంగళవారం సాయంత్రం కౌన్సిల్ మీటింగు. జనంలో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అక్క మాటని ఇంగ్లీషులో చెప్పడానికి నేను వెళ్లాను. ఆమె నన్ను పక్కకి నెట్టి మైకు పట్టుకుంది.

"హూ ఈజ్ హ్యావింగ్ హిజ్ ఛార్జ్?"

సిటీ లాయరు ఉలిక్కిపడ్డాడు. "మేడమ్, ఆయన మీద ఏ ఛార్జూ లేదు!"

ఆయన్నెందుకు పంపారని వారాల తరబడి ఊరంతా గొంతు చించుకున్నా రాని మాట అది. మేయరు లాయరు వైపు చూశాడు, లాయరు తన మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు.

"ఏమంటాడు?" అని నన్నడిగింది అక్క.

"ఛార్జంటే నేరం అనుకున్నాడక్కా, ఆయన మీద ఏ నేరమూ మోపలేదంటున్నాడు."

"అది నేనడిగానా? మనిషిని మార్చుకుంటే మార్చుకోండి. ఆయనిచ్చిన మాట ఎవరి చేతిలో పెట్టారని అడుగు."

జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాను. చాలా కష్టమైంది.

మైకు దగ్గర మూడు నిమిషాలు లెక్కపెట్టే పచ్చదీపం పోయి పసుపుది వెలిగింది. అక్క గడియారం చూసుకుంటూ అలాగే నిలబడింది. కిటికీల బయట పొగమంచు కూడా ఆగి వింటున్నట్టు అనిపించింది. అప్పుడు, పాతాయన స్థానంలో తాత్కాలికంగా కూర్చోబెట్టిన ఒకావిడ తన మైకు నొక్కింది.

"ఆ కాగితం నాదాకా రాలేదు. హౌ మెనీ సెకండ్స్?"

"ట్వంటీ," అంది అక్క.

ఆవిడ రాసుకుంది. ఎర్రదీపం వెలిగింది.

ఆయన్ని ఎందుకు తీసేశారో ఇప్పటికీ చెప్పలేదు. సిగ్నల్ మాత్రం ఇప్పుడు పద్దెనిమిది సెకన్లు ఇస్తోంది. ఇరవై అని ఎవరైనా అంటే అది నా దగ్గర పుట్టిందే. అవతలి గట్టుకి రెండడుగుల దూరంలో అక్కకి ఇంకా ఎర్ర చెయ్యి ఎదురవుతుంది. వచ్చే మంగళవారానికి చీర ఇస్త్రీ చేయించింది, నన్నూ రమ్మంది.

"రెండు సెకన్లే కదక్కా," అన్నాను.

నా మణికట్టు దగ్గర నాడి పట్టుకుని తన గడియారం చూసింది. "ఇది రెండు సెకన్లు ఆగనీ, అప్పుడు చెప్పు," అంది.