మా మిషన్‌లో లేని ఎడమ బుట్ట

దెయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. హాస్టల్లో మూడో అంతస్తు బాత్‌రూమ్ గురించి కథలు చెప్పుకుని అందరూ కిందికి పరిగెడితే, క్యూ లేదు కదా అని నేను హాయిగా అక్కడే స్నానం చేసేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను.

రాజమండ్రిలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది నేనూ, నా క్లాస్‌మేట్ కిరణూ కలిసి చెత్త వేరు చేసే మిషన్ తయారుచేశాం. బెల్టు మీద వచ్చే వస్తువుని కెమెరా చూస్తుంది. ప్లాస్టికో, రేకో, గాజో, అట్టో గుర్తుపడుతుంది. మోటారు చెయ్యి దాన్ని తీసి కుడివైపున్న నాలుగు బుట్టల్లో ఒకదాంట్లో వేస్తుంది.

దానికి నేర్పింది మంగమ్మ గారు. ధవళేశ్వరం దారిలో ఒక షెడ్డులో ఏళ్ల తరబడి చెత్త ఏరుతున్న మనిషి. ఆవిడ పని చేస్తుంటే వీడియోలు తీసి, వాటినే మిషన్‌కి పాఠాలుగా పెట్టాం. ఆవిడకో అలవాటుంది. చేతికి ఏదైనా తేడాగా తగిలితే ఎడమ పక్కనున్న గోనెపట్టా మీద పెడతారు. తాళాలు, కళ్లజోళ్లు, ఒకసారి ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్కు. పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారని.

మాకు అవి అనవసరం అనిపించి, వీడియోల్లో ఆ ముక్కలన్నీ నేనే కోసేశాను. మిషన్ చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ అడిగారు.

"ఎడం పక్క బుట్ట ఎట్టలేదేంటమ్మా?"

"మిషన్‌కి అవన్నీ తెలీవండి," అని నవ్వేశాను.

ఫైనల్ రివ్యూలో ప్రాజెక్టు పోతే డిగ్రీ ఆగిపోతుంది, చేతిలో ఉన్న ఉద్యోగమూ పోతుంది. షెడ్డు నుంచి తెచ్చిన బస్తా ఎగ్జామినర్ గారి ఎదుటే విప్పాం. మిషన్ అరగంట బుద్ధిగా పనిచేసింది. అప్పుడొక మందుల అట్టపెట్టె వచ్చింది. చెయ్యి దాన్ని పట్టుకుని కాసేపు ఆగి, ఎడమవైపు తిరిగి, వట్టి నేల మీద పెట్టింది. పడేయలేదు, పెట్టింది.

కిరణ్ వంగి పెట్టె విప్పాడు. లోపల దూదిలో చుట్టిన చెవి మిషన్ ఉంది, వినపడనివాళ్లు పెట్టుకునేది.

"ఇలా పక్కన పెట్టడం కూడా మీరు నేర్పిందేనా అమ్మా?" అన్నారు ఎగ్జామినర్ గారు.

"అవునండి," అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాసయ్యాం. ఆ సాయంత్రమే ప్రోగ్రామంతా వెతికాం. ఎడమవైపు తిరగమని ఎక్కడా లేదు. బరువు చూసే సెన్సారూ లేదు. రికార్డులో ఆ పెట్టె ఎదురుగా 'అట్ట, నాలుగో బుట్ట' అనే ఉంది. అదే పెట్టెలో అదే చెవి మిషన్ పెట్టి ఎన్నిసార్లు తిప్పినా నాలుగో బుట్టలోనే పడింది.

మర్నాడు షెడ్డుకి వెళ్లి మంగమ్మ గారికి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఎలా జరిగిందనీ అడగలేదు.

"మరి ఆళ్లది ఆళ్లకి ఇచ్చేశారా అమ్మా?"

చెవి మిషన్ ఇంకా ల్యాబ్‌లో, మా నాలుగో బుట్టలోనే ఉంది.

పెట్టె మీది మందుల షాపు చీటీ పట్టుకుని ఆ మధ్యాహ్నమే దాన్ని పోగొట్టుకున్న పెద్దాయన ఇల్లు కనుక్కుని ఇచ్చొచ్చాం. చెయ్యి ఆ రోజు ఎడమకి ఎందుకు తిరిగిందో నాకు ఈ రోజుకీ అంతు చిక్కలేదు. మళ్లీ ఎప్పుడూ తిరగలేదు కూడా. అయినా ఆ పక్కన ఒక బుట్ట పెట్టాం.