రాజు దూకకూడదట

మా అత్త, అంటే నాన్నకు అక్క, చదరంగంలో ఓడిపోతే ఆ పూట సరిగా అన్నం తినేది కాదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఆమెతో ఆడేవారు కాదు. చిన్న వయసులోనే భర్త పోతే శ్రీకాకుళం దగ్గరి ఊరి నుంచి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్‌కు వచ్చేసింది. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆయన డ్యూటీకి వెళ్లాక, వంటపని తెమిలాక, వరండా గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టేది. నాకు ఆట నేర్పింది ఆవిడే. నేర్పడమంటే తిట్టడమే.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే గుంటా? ఏనుగు పోతంది సూడు!"

మాది దేశవాళీ ఆట. బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడవాలి. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఆ దూకుడు ఎప్పుడు వాడాలో అత్తకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను కాలేజీలో చేరాక రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పెద్దవాళ్ల ఆట చూసి అంతర్జాతీయ పద్ధతి నేర్చుకుని వచ్చి, రాజు దూకకూడదట అని చెప్తే అత్తకు ఒళ్లు మండింది.

"రాజన్నాక ఒక్కసారైనా దూకకపోతే ఇంకేటి రాజే వాడు?"

అవి డెబ్బైల నాటి రోజులు. ఆడవాళ్లకు వేరుగా చదరంగం పోటీలు పెట్టడం అప్పుడే మొదలైంది. కలకత్తాలో రాష్ట్ర పోటీ ఉందని తెలిసి నాకు రాత్రిళ్లు నిద్ర కరువైంది. వెళ్లాలి, అంతే. ఇంకో మాట లేదు. కానీ వెళ్లాలంటే ఏదో ఒక సంఘం నా పేరు పంపాలి. నాన్న సైకిలు మీద ముందు ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ దగ్గరికి వెళ్లారు. ఆయన మన తెలుగాయనే, ఆఫీసులో హెడ్ క్లర్కు. "మేము ఉద్యోగస్తుల పేర్లే పంపుతాం. నీ కూతురు వర్క్‌షాప్‌లో సుత్తి పట్టిందేటి?" అన్నాడట. జిల్లా సంఘం సెక్రటరీ జిల్లా కేంద్రం మిడ్నాపూర్‌లో వకీలు, బెంగాలీ. ఆయనేమో "మీరు రైల్వేవాళ్లు, రైల్వేనే అడగండి" అన్నాడు. అసలు సంగతేమిటంటే, అసలైన సంఘం ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ అంతకు ముందు నుంచే పడేది కాదు. వాళ్ల పంతాల మధ్య నాన్న సైకిలు తొక్కలేక అలిసిపోయారు.

ఇది విని అత్త చీర కొంగు బిగించింది. ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌లో మగవాళ్ల పోటీకి బహుమతులు ఇస్తున్నారు, ఇద్దరు సెక్రటరీలూ వేదిక మీదే ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని నేరుగా వాళ్ల ముందుకు లాక్కెళ్లింది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

"ఈ పిల్ల ఎవలి పిల్ల బాబూ? రైలోళ్లదా, జిల్లావోళ్లదా? ఇద్దరూ ఇక్కడే ఉన్నారు గదా, తేల్సీయండి."

జనం నవ్వారు. మనవాళ్లెవరో వకీలుకు బెంగాలీలో అర్థం చెప్పారు. ఆయన ముఖం ఎర్రబడింది. జిల్లాకు ఆడవాళ్ల చోటు ఒక్కటే ఉంది, తన మేనకోడలు కూడా ఆడుతుంది, ఇద్దరికీ ఒక ఆట పెడదాం, గెలిచిన పిల్ల వెళ్తుంది అన్నాడు. అందరూ వింటుండగా అన్నాడు కాబట్టి మాట తప్పడానికి లేదు.

ఆ ఆట నేను గెలవాల్సింది! సగం దాకా నాదే పైచేయి. అప్పుడు ఎదుటి పిల్ల మంత్రి నా రాజు వైపు తిరిగింది. ఏ ఆలోచనా లేకుండా, ఏళ్ల తరబడి వరండాలో చేసినట్టే, రాజును ఎత్తి గుర్రంలా మూలకు దూకించేశాను. హాల్లో గొల్లున నవ్వులు. ఆ దూకుడు చెల్లదు, పైగా ముట్టుకున్న పావునే జరపాలని నియమం. రాజుకు ఖాళీగా ఉన్నది ముందున్న ఒక్క గడే. యుద్ధం మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు నా రాజు, ఇంక ఎంతసేపు బతుకుతాడు? ఓడిపోయాను. ఇంటికొచ్చి అత్త మీద ఇంతెత్తున లేచాను. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

కొన్నాళ్లకు, సాయంత్రం నాన్న డ్యూటీ దిగి టీ తాగుతుంటే, వకీలు మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న కంగారుగా కుర్చీ వేశారు.

"దాదా, మా ఇంట్లో పిల్లను ఒంటరిగా కలకత్తా పంపనంటున్నారు," అన్నాడు బెంగాలీలో. "మీ అమ్మాయి తోడుగా వెళ్తే బాగుంటుంది. ఇద్దరూ ఎరిగినవాళ్లే కదా."

నాన్న మెతక మనిషి. ఆయన నోట "ఠీక్ హై" వచ్చేలోపు నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను.

"తోడుగా రాను. ఆడటానికైతే వస్తాను."

"చోటు ఒక్కటే కదమ్మా."

"అయితే ఒక్క పిల్లనే పంపుకోండి," అని లోపలికి వచ్చేశాను. నోటిదురుసుతో ఉన్న కాస్త ఆశా పోగొట్టుకున్నానేమోనని భయం వేసింది. ఇంతలో అత్త నన్ను పక్కకు నెట్టి, వకీలు చేతిలో టీ గ్లాసు పెట్టి, తనకొచ్చిన బెంగాలీలో మొదలుపెట్టింది. ఒక్కటే చోటని ఎవరు పెట్టారు బాబూ ఈ నియమం, కలకత్తావాళ్లా?

తేలిందేమిటంటే, ఎవరూ పెట్టలేదు. రెండో పిల్ల ఎప్పుడూ అడగలేదు, అంతే. ఆ మాట వకీలే ఒప్పుకుని, కాస్త నవ్వి, ఇద్దరి పేర్లూ పంపుతానన్నాడు.

"అలాగైతే సరే. మా పిల్లనీ ఒంటరిగా పంపం. నేనూ వస్తాను," అంది అత్త.

కలకత్తా హాల్లో అత్త గోడవార కుర్చీలో కూర్చుంది. మొదటి ఆటలో నా ఎదుటి అమ్మాయి కోట కట్టుకుంటూ, రాజును రెండు గళ్లు జరిపి ఏనుగును రాజుకు ఇవతల వేసింది. అంతర్జాతీయ పద్ధతిలో అది చెల్లుతుంది. "ఓలమ్మో, అన్యాయం! ఒకే ఎత్తులో రెండు పావులు జరిపీసింది!" అని అత్త అరిచింది. నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. నవ్వాపుకోలేక నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ ఆట గెలిచాను. తర్వాత ఓడినవీ ఉన్నాయి, గెలిచినవీ ఉన్నాయి. పట్టికలో ఎక్కడో నడుమ తేలాను. నాకది చాలు, మహారాణినైనట్టు ఉంది.

తిరుగు ప్రయాణంలో, రైల్లో వకీలు మేనకోడలు సీటు మీద బోర్డు పరిచి, అత్తను పిషీమా అని పిలిచి ఆటకు కూర్చోబెట్టింది. బెంగాలీలో మేనత్తను అలాగే పిలుస్తారు. మీ పద్ధతిలోనే ఆడదాం అంది. సరైన సమయం చూసి అత్త రాజు దూకాడు. మరి నాలుగు ఎత్తులకు ఆట కట్టు. జిల్లాకంతటికీ మేటి అయిన పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"పిషీమా, ఇన్నాళ్లూ మీరెందుకు పోటీలకు రాలేదు?"

అత్తకు ప్రశ్న అర్థమైంది. నా వైపు తిరిగి తెలుగులో అంది.

"ఏటి సెప్పమంటావే దీనికి? నన్నెవలడిగినారు?"

అత్త అప్పటికే పావులన్నీ మళ్లీ పేరుస్తోంది.

"ఖరగ్‌పూర్ ఇంకా రాలేదు గదా. ఇంకో ఆట ఆడమను," అంది.